బాసెల్‌లో క్రూయిజ్ ఎక్కేముందు ఆల్ప్స్‌లో ఒక కొండ: పెద్దవాళ్ళతో ఏది, ఏ రోజు?

డల్లాస్ నుంచి (అడిగింది నేను):

అందరికీ నమస్కారం. ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా రైన్ నది మీద ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ పాప, తెనాలి నుంచి అమ్మానాన్నా వస్తున్నారు. సోమవారం పొద్దున అందరం జ్యూరిక్‌లో దిగుతాం, శుక్రవారం మధ్యాహ్నం ఓడ ఎక్కాలి. ఈ మధ్యలో లూసర్న్‌లో హోటల్ అనుకుంటున్నాం. నాన్నకి బీపీ ఉంది, మందులు వేసుకుంటారు, కంట్రోల్‌లోనే ఉంది. అమ్మకి మోకాళ్ళు. కానీ అమ్మ కోరిక ఒక్కటే, మంచు చేత్తో పట్టుకోవాలి, ఇంత దూరం వచ్చి మంచు ముట్టుకోకుండా వెళ్తే ఎలాగే అంటోంది.

మా ప్లాన్ ఏంటంటే గురువారం లూసర్న్ నుంచి యుంగ్‌ఫ్రావ్ వెళ్ళి రాత్రికి తిరిగి లూసర్న్ వచ్చి, శుక్రవారం పొద్దున బాసెల్ రైలెక్కడం. ఇది కుదురుతుందా? టిట్లిస్ బెటరా? రీగి అని కూడా ఎవరో చెప్పారు. పాస్ ఏది కొనాలి, సూట్‌కేసులు ఏం చెయ్యాలి, వీసా ఏ దేశానికి పెట్టాలి, అన్నీ కలిపి అడిగేస్తున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జ్యూరిక్ నుంచి:

నమస్తే అండి. ముందు ఒక్క మార్పు చెయ్యండి, మిగతావన్నీ తర్వాత. కొండని గురువారం పెట్టొద్దు. మంగళవారం గానీ బుధవారం గానీ పెట్టుకోండి, గురువారం మధ్యాహ్నానికల్లా బాసెల్ చేరిపోయి ఆ రాత్రి అక్కడే పడుకోండి. ఎందుకంటే ఇక్కడ జూలై ఆగస్టుల్లో పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి, గాలీ పిడుగులూ ఎక్కువైతే కేబుల్ కార్లు ఆపేస్తారు. ఆపేస్తే పైన ఉన్నవాళ్ళు పైనే ఆగాలి. మీరు రెండు రోజులు ఖాళీ ఉంచుకుంటే వాన పడ్డ రోజు లూసర్న్ ఊళ్ళో తిరిగి, బాగున్న రోజు కొండెక్కొచ్చు. ఒక్క రోజే పెట్టుకుంటే, అదీ ఓడ ముందురోజు, మబ్బు పట్టినా డబ్బులు కట్టాం కదా అని వెళ్ళాల్సి వస్తుంది, పైకి వెళ్ళాక చుట్టూ తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు.

ఇంక ఏ కొండ అన్నది. యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ 3,454 మీటర్లు, యూరప్‌లోనే అన్నిటికన్నా ఎత్తైన రైల్వే స్టేషన్, 1912 నుంచి నడుస్తోంది, అక్కణ్ణించి అలెచ్ హిమానీనదం చూస్తే మాట రాదు, అందులో సందేహం లేదు. కానీ లూసర్న్ నుంచి ఇంటర్లాకెన్‌కే రెండు గంటలు, అక్కణ్ణించి గ్రిండెల్వాల్డ్ టెర్మినల్, ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారు, మళ్ళీ సొరంగంలో రైలు. పోను మూడు గంటల పైనే, రాను అంతే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారిని అన్నిసార్లు ఎక్కించి దించి తీసుకెళ్ళాలి. యుంగ్‌ఫ్రావే చూడాలి అనుకుంటే లూసర్న్ మానేసి ఇంటర్లాకెన్‌లో దిగండి, అక్కణ్ణించి బాసెల్‌కి మారకుండా వెళ్ళే రైళ్ళున్నాయి, రెండు గంటలు. సీటు రిజర్వేషన్ మాత్రం ముందే చేసుకోండి, వేసవిలో రద్దీ చాలా ఎక్కువ.

లూసర్న్‌లోనే ఉంటానంటే నా ఓటు టిట్లిస్‌కి, ఎందుకంటే అమ్మగారికి మంచు కావాలి, ఆగస్టులో రీగి మీద మంచు ఉండదు, పచ్చగడ్డే. టిట్లిస్ పై స్టేషన్ 3,020 మీటర్లు, వేసవిలోనూ మంచు ఉంటుంది, లోపల మంచు గుహ కూడా ఉంది. లూసర్న్ నుంచి ఎంగెల్‌బర్గ్‌కి రైల్లో ముప్పావుగంట, స్టేషన్ నుంచి కేబుల్ కారు దగ్గరికి ఓ పది నిమిషాల నడక. పైన చివరి ముక్క రోటెయిర్ అని, ఎక్కేలోపు కారు మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి కిటికీ దగ్గర చోటు కోసం తోసుకోనక్కర్లేదు, ఉన్నచోటే ఉంటే అన్నివైపులా కనిపిస్తుంది. పొద్దున ఎనిమిదికల్లా లూసర్న్‌లో రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి కిందికి వచ్చెయ్యొచ్చు.

ఒక మాట, నాకు చాలా ఇష్టమైన సంగతి కాబట్టి చెప్తున్నా. టిట్లిస్ మంచు కరిగిన నీళ్ళు ఎంగెల్‌బర్గర్ ఆ అనే ఏరులో పడి లూసర్న్ సరస్సులోకి వస్తాయి, సరస్సు నుంచి రాయిస్ నదిగా ఊళ్ళో చెక్క వంతెన కిందనుంచి వెళ్ళి ఆరె నదిలో, ఆరె వెళ్ళి రైన్‌లో కలుస్తుంది. మీ ఓడ తేలేది ఆ నీళ్ళ మీదే. పాపకి మ్యాప్‌లో వేలు పెట్టి చూపించండి, ట్రిప్ అంతా ఒకే కథలా అనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి:

అమ్మా, ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకు. మా మావయ్యగారికీ బీపీ, మందులు వాడుతూనే ఉన్నారు, యుంగ్‌ఫ్రావ్ పైన మొదటి అరగంట బ్రహ్మాండంగా ఉన్నారు, ఫొటోలు దిగారు, మంచు గుహలోంచి బయటికి వచ్చేసరికి రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు, మొహం పాలిపోయింది, తల తేలిపోతోందమ్మా అన్నారు. బెంచీ మీద కూర్చోబెట్టి కొంచెం కొంచెం నీళ్ళు పట్టించి తర్వాతి రైలుకే దించేశాం. కిందికి వచ్చేకొద్దీ మామూలైపోయారు. ఆ ఎత్తులో గాలిలో ప్రాణవాయువు మనకి కింద దొరికేదాంట్లో మూడింట రెండు వంతులే అందుతుంది, పైగా గంటలో అంత ఎత్తు ఎక్కేస్తాం, ఒంటికి అలవాటయ్యే టైమే ఉండదు.

అందుకని ముందుగా నాన్నగారి డాక్టర్‌ని అడుగు, మూడు వేల మీటర్లకి వెళ్తున్నాం అని అంకె చెప్పి మరీ అడుగు, "కొండకి వెళ్తున్నాం" అంటే వాళ్ళు ఏ తిరుమలో అనుకుంటారు. ఆరోజు బీపీ మాత్ర మానకుండా వేయించు, పొద్దున ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకు. టిట్లిస్‌లో అయితే మధ్యలో ట్రూబ్‌సీ అనే స్టేషన్ ఉంది, 1,800 మీటర్లు, సరస్సు పక్కన. అక్కడ దిగి ఓ ముప్పావుగంట కూర్చుని టీ తాగి అప్పుడు పైకి వెళ్ళండి. పైన పరుగులొద్దు, మెట్లు నెమ్మదిగా, గంటా గంటన్నర చాలు. తలనొప్పి, వికారం, ఆయాసం ఏది అనిపించినా ఇంకో ఫొటో అనకుండా దిగిపోవడమే. కిందికి దిగడమే దానికి మందు.

బట్టలు కూడా చెప్తాను. కింద లూసర్న్‌లో ముప్పై డిగ్రీలు ఉండొచ్చు, పైన సున్నాకి అటూ ఇటూ. అమ్మగారు చీరే కట్టుకుంటానంటే లోపల థర్మల్ ప్యాంటు, సాక్సులు, పట్టుండే బూట్లు తప్పనిసరి, చెప్పులతో మంచు మీద అడుగు వెయ్యనివ్వకు. చేతికి గ్లౌజులు, చెవులకి మంకీ క్యాప్, నల్ల కళ్ళద్దాలు అందరికీ, పాపకి కూడా. మంచు మీద ఎండ కొట్టి కళ్ళు మండిపోతాయి.

న్యూజెర్సీ నుంచి:

రీగిని అలా పక్కన పెట్టెయ్యకండి ప్లీజ్. మంచు లేదు నిజమే, కానీ 1,798 మీటర్లంటే మన ఊటీ కంటే కూడా తక్కువ, కాబట్టి బీపీ భయం అంతగా ఉండదు, ఆకాశం తేటగా ఉంటే ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ దూరంగా వరసగా కనిపిస్తాయి. లూసర్న్ స్టేషన్ ఎదురుగానే పడవలరేవు, రోడ్డు దాటితే చాలు, అక్కడ ఎక్కితే గంటలో విట్స్‌నావ్, పడవ దిగిన చోటే ఎర్ర రైలు, అది యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు, 1871లో మొదలైంది, పట్టాల మధ్య ఉన్న పళ్ళ పట్టాని పళ్ళ చక్రంతో పట్టుకుంటూ ఎక్కుతుంది, అరగంటలో పైన ఉంటారు. నడక దాదాపు లేనట్టే. చాలామంది దిగేటప్పుడు మధ్యలో వచ్చే కాల్ట్‌బాడ్ స్టేషన్ నుంచి వెగ్గిస్‌కి కేబుల్ కారులో వస్తారు, కానీ అక్కణ్ణించి పడవలరేవుకి దిగుడు రోడ్డులో నడవాలి, అమ్మగారి మోకాళ్ళకి అది వద్దు, ఎక్కిన దారినే దిగండి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే రైలు, పడవ, రీగి అన్నీ అందులోనే, విడిగా టికెట్ లేదు. టిట్లిస్‌కీ, పిలాటస్ అనే ఇంకో కొండకీ అదే పాస్ మీద సగం ధర. యుంగ్‌ఫ్రావ్‌కి మాత్రం పై భాగంలో తగ్గింపు పావు వంతే, అక్కడికే వెళ్తామంటే పాస్ బదులు హాఫ్ ఫేర్ కార్డుతో లెక్క వేసి చూసుకోండి. పాపకి ఫ్యామిలీ కార్డ్ అడగండి, మీ పాస్ ఉంటే దాని మీద తనకి ఉచితం.

డల్లాస్ నుంచి:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, చాలా థాంక్స్ అందరికీ. గురువారం కొండ తీసేశాం, బాసెల్‌లో ఆ రాత్రికి హోటల్ చూస్తున్నా. మంగళవారం, బుధవారం రెండూ ఖాళీ ఉంచుతాం. టిట్లిస్ టికెట్లు ఇప్పుడే ఆన్‌లైన్‌లో కొనేయమంటారా? ఇంకా మేం గ్రీన్ కార్డ్ మీద ఉన్నాం, పాస్‌పోర్టులు ఇండియావే, పాపది అమెరికాది.

జ్యూరిక్ నుంచి:

తారీఖు వేసిన టికెట్ ఇప్పుడే కొనొద్దు. ముందురోజు రాత్రి మీటియోస్విస్ అనే వాతావరణ యాప్ చూడండి, పొద్దున లేవగానే కొండ వెబ్‌సైట్‌లో లైవ్ కెమెరా చూడండి, చాలా హోటళ్ళలో టీవీలో కూడా ఆ కెమెరాలు వరసగా చూపిస్తుంటారు. కొండ కనిపిస్తే ఫోన్‌లోనే టికెట్ కొని బయల్దేరండి. టిట్లిస్ మబ్బులో ఉండి రీగి తేటగా ఉంటే రీగికే వెళ్ళండి, పాస్ ఉంది కాబట్టి నష్టం లేదు. రెండో రోజు కూడా బాగుంటే రెండూ అవుతాయి.

హైదరాబాద్ నుంచి:

వీసా గురించి. గ్రీన్ కార్డ్ ఉన్నా ఇండియా పాస్‌పోర్ట్ అయితే షెంజెన్ వీసా కావాలి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా), మీ ఇద్దరూ అమెరికాలో పెట్టుకోండి, అమ్మానాన్నా ఇక్కడ హైదరాబాద్‌లో. పాపకి అక్కర్లేదు. రూల్ ఏంటంటే ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి పెట్టాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడ రోజుల్ని కూడా దేశాలవారీగా లెక్కపెట్టు, బ్రైజాక్ జర్మనీ, స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్, కొలోన్ జర్మనీ అలా. మీకు స్విట్జర్లాండ్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా పడుతోంది కాబట్టి స్విస్‌కే వస్తుందనిపిస్తోంది, అయినా క్రూయిజ్ వాళ్ళిచ్చిన రోజువారీ షెడ్యూల్ ముందు పెట్టుకుని లెక్క సరిచూసుకుని, దాన్నే అప్లికేషన్‌కి జతచెయ్యి. 30 వేల యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి తీసుకుంటారు, ఆలస్యం చెయ్యకండి, వేసవిలో స్లాట్లు దొరకడమే కష్టం.

అమ్మ తెనాలి నుంచి పచ్చళ్ళు సర్దుతుంది కదా, ఆవకాయ, గోంగూర పర్లేదు, చికెన్ పచ్చడి, పాలకోవా లాంటివి వద్దని ఇప్పుడే చెప్పు. ఇండియా నుంచి మాంసం, పాల సరుకులు అక్కడికి తేనివ్వరు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

ఎవరూ నది సంగతి చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆగస్టులో రైన్‌లో నీళ్ళు తగ్గే అవకాశం ఉంది, 2018లో, 2022లో బాగా తగ్గాయి. బాసెల్ నుంచి ఇఫెట్స్‌హైమ్ దాకా వరసగా లాకులున్నాయి, నీటిమట్టం వాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఇబ్బంది అంతా దాని తర్వాత, ముఖ్యంగా కావ్బ్ అనే ఊరి దగ్గర నది లోతు తక్కువ. మరీ తగ్గితే ఓడ మారుస్తారు, లేదా కొంత దూరం బస్సులో తీసుకెళ్తారు. బయల్దేరే వారం ముందునుంచి క్రూయిజ్ వాళ్ళ మెయిల్స్ రోజూ చూడండి. బాసెల్‌లో రేవులు కూడా ఒకటి కాదు, ఆఖరి కాగితాల్లో ఏ రేవు అని రాసి ఉంటుంది, ఆ అడ్రస్ ఫోన్‌లో పెట్టుకుని టాక్సీ డ్రైవర్‌కి చూపించండి. తర్వాతి రేవుల పేర్లు, ఓడ ఫోన్ నంబరు కూడా ఒక కాగితం మీద రాసుకోండి, ఏ కారణంగానైనా ఓడ తప్పితే బ్రైజాక్ దగ్గరే, ఫ్రైబుర్గ్‌లో మారి రైల్లో వెళ్ళి ఎక్కొచ్చు. ఓడలో ఖర్చు యూరోల్లో, స్విస్‌లో ఫ్రాంకుల్లో. రైస్ కుక్కర్ మాత్రం పెట్టకండి, క్యాబిన్‌లో వాడనివ్వరు. నాన్నగారు శాకాహారులైతే ఇప్పుడే మెయిల్ పెట్టండి, గుడ్డు, చేప కూడా తినరు అని విడమరిచి రాయండి.

డల్లాస్ నుంచి:

నాన్న డాక్టర్‌తో మాట్లాడారు, మూడు వేల మీటర్లు అని చెప్పే అడిగారు. ఈసీజీ తీయించి చెప్తానన్నారట. ఆయన వద్దంటే నాన్న, మావారు రీగికి, నేను అమ్మనీ పాపనీ తీసుకుని టిట్లిస్‌కి. ఆఖరి డౌట్, లూసర్న్ నుంచి బాసెల్‌కి పెద్ద సూట్‌కేసులు అయిదు, రైల్లో ఇబ్బందా?

జ్యూరిక్ నుంచి:

ఇబ్బందేం లేదండి, గంట ప్రయాణం. పొద్దున ఆఫీసు రద్దీ తగ్గాక, తొమ్మిదిన్నర తర్వాతి రైలు ఎక్కండి, బాసెల్ ఎస్‌బీబీ అని బోర్డు చూసుకోండి. తలుపు పక్కన సామాన్ల చోటు ఉంటుంది, సీట్ల వీపుల మధ్య కూడా పెట్టొచ్చు. బాసెల్ హోటల్లో చెక్ ఇన్ చేసేటప్పుడు బాసెల్ కార్డ్ అడగండి, దానితో ఊళ్ళో ట్రాములు ఉచితం. రేవుకి మాత్రం అయిదు సూట్‌కేసులతో ట్రాము వద్దు, పెద్ద టాక్సీ కావాలని హోటల్ వాళ్ళకి ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి.