రివ్యూయర్ పేరు రచయితకు తెలియాలా, వద్దా?

తోతాపురి (చిత్తూరు): బంగారుపాళ్యం మామిడి తోటల్లో పండు ఈగ మీద మూడు సీజన్లు తిరిగి పరిశోధన పేపర్ రాశాను. జర్నల్‌లో 14 నెలలు ‘అండర్ రివ్యూ’ అనే చూపించి నిన్న రిజెక్ట్ చేశారు. జర్నల్ తరఫున పేపర్ చదివి అభిప్రాయం చెప్పే రివ్యూయర్లలో మొదటాయన చిన్న మార్పులు చాలన్నారు. రెండో ఆయన రాసింది రెండే ముక్కలు: ఇంగ్లీష్ బాగాలేదు, కొత్తదనం లేదు. నా పేరు, మా యూనివర్సిటీ పేరు ఆయనకు తెలుసు. ఆయనెవరో నాకు తెలియకూడదట! ఐదేళ్ల ఫెలోషిప్‌లో నాలుగేళ్లు అయిపోయాయి.

అలిపిరి మెట్టు (తిరుపతి): దాన్నే సింగిల్ బ్లైండ్ అంటారు తమ్ముడూ. రెండు వైపులా పేర్లు దాచే డబుల్ బ్లైండ్ జర్నల్‌కి పంపాల్సింది. ఇంతకీ ఇంగ్లీష్ ఎవరైనా చూశారా? నేను నెలకు రెండు పేపర్లు రివ్యూ చేస్తాను. పైసా రాదు. పిల్లలు పడుకున్నాక కూర్చుంటాను.

తోతాపురి: మొదటాయనకు అర్థమైన ఇంగ్లీష్ రెండో ఆయనకెందుకు కాలేదక్కా?

కపిలతీర్థం: మూడు నెలలు దాటాక ఎడిటర్‌కి మెయిల్ పెట్టి ఉండాల్సింది.

తోతాపురి: నాలుగు పెట్టాను అన్నా. అసలు చూసేది పేపర్‌నా, ఊరి పేరునా? అమెరికాలో పీటర్స్, సెసీ అనే ఇద్దరు, అచ్చయిన 12 సైకాలజీ పేపర్లకు రచయితల, సంస్థల పేర్లు మార్చి, వేసిన జర్నళ్లకే మళ్లీ పంపారు. 1982లో ఫలితం బయటపెట్టారు. గుర్తుపట్టింది మూడే. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిదింటిని వద్దన్నారు.

అలిపిరి మెట్టు: అది నీ పేరు దాచాలనడానికి ఉదాహరణ. ఆయన పేరు చెప్పాలనడానికి కాదు.

తోతాపురి: మీరూ రివ్యూయరే కాబట్టి వాళ్లనే వెనకేసుకొస్తున్నారు. నిజాయితీగా రాసేవాళ్లకి పేరు చెప్పడానికి భయమెందుకు?

అలిపిరి మెట్టు: భయమే! ఒక పెద్దాయన పేపర్లో లెక్కలు తప్పని రాశాను. ఆరు నెలలకు ఆయనే నా ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నారు. రాసింది నేనని తెలిసుంటే? నేనింకా కాంట్రాక్ట్ లెక్చరర్‌నే. పేరు దాచేది పెద్దవాళ్ల కోసం అనుకుంటున్నావు. నాలాంటివాళ్లు ఉన్నమాట రాయగలిగేది దానివల్లే.

కపిలతీర్థం: ఇద్దరూ కాస్త ఆగండి.

తోతాపురి: మీ సంగతి తెలియక అన్నాను అక్కా, ఏమనుకోకండి. కానీ మిమ్మల్ని కాపాడిన ఆ తెర వెనకే ఆయన రెండు ముక్కలు రాసి తప్పుకున్నారు. నష్టపోయింది నేను.

అలిపిరి మెట్టు: రెండు ముక్కల రిపోర్టును ఎడిటర్ ఒప్పుకోవడమే తప్పు. పేరు వద్దు, రిపోర్టు అందరికీ కనపడాలి. ‘నేచర్’ జర్నల్ 2025 జూన్ నుంచి కొత్తగా వచ్చే పరిశోధన పేపర్లన్నిటికీ అలాగే చేస్తోంది. పేరు చెప్పడం రివ్యూయర్ ఇష్టం.

తోతాపురి: అది అచ్చయిన పేపర్లకే కదక్కా. నాది రిజెక్ట్ అయింది. ఆ రెండు ముక్కలు నేను తప్ప ఎవరు చూస్తారు?