డాకర్‌లో డబ్ల్యూఆర్ఎఫ్ (వాతావరణ మోడల్) ఆరో గంటకి ఆగిపోతోంది, ఎర్రర్ ఏమీ రావట్లేదు

తుఫాన్_థీసిస్:
నిన్న సాయంత్రం కూర్చున్నాను, తెల్లారిపోయింది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను కేసు ల్యాప్‌టాప్‌లో డాకర్ (ప్రోగ్రామ్‌ని కావాల్సినవన్నీ కలిపి విడిగా నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుపుతున్నా. రియల్ (మోడల్‌కి మొదటి డేటా తయారుచేసే దశ) బాగానే అవుతోంది. డబ్ల్యూఆర్ఎఫ్ మాత్రం మోడల్ టైములో సరిగ్గా ఆరు గంటలు నడిచి ఇమేజ్ క్రాష్ అయిపోతోంది. ఆర్ఎస్ఎల్ ఫైల్లో (రన్ లాగ్) తప్పు అని ఒక్క లైనూ లేదు. టైమ్ స్టెప్ తగ్గించా, ఇమేజ్ తీసేసి మళ్లీ దించా. నాలుగుసార్లూ అక్కడే. సోమవారం గైడ్‌కి చూపించాలి. దయచేసి ఎవరైనా చెప్పండి.

కరకట్ట:
ఎగ్జిట్ కోడ్ (ఆగిపోయేటప్పుడు ఇచ్చే నంబరు) ఎంత? ర్యామ్ ఎంత? విండోసా, లైనక్సా?

పాత_లైనక్స్:
క్రాష్ అయ్యేది ఇమేజ్ కాదండీ, కంటైనర్. ఇమేజ్ అచ్చు లాంటిది, కంటైనర్ దాంట్లోంచి తీసిన ఇటుక. ఇటుక విరిగితే అచ్చు మార్చి లాభం లేదు. ఇంకోటి, ఇమేజ్ దించేటప్పుడు లేటెస్ట్ ట్యాగ్ వాడారా? థీసిస్‌కి అది పనికిరాదు. ఆర్నెల్ల తర్వాత అదే పేరుతో వేరే ఇమేజ్ రావచ్చు. డైజెస్ట్ నంబరు (ఆ ఒక్క ఇమేజ్‌కే ఉండే గుర్తు) ఈరోజే రాసి పెట్టుకోండి.

వరి_మోడల్:
అచ్చు పోలిక కుదరదు. ఇటుక తీశాక అచ్చుతో పనుండదు. కంటైనర్ నడిచినంతసేపూ ఇమేజ్ పొరలు కిందే ఉంటాయి, రాసేది మాత్రం పైపొరలోకి పోతుంది.

పాత_లైనక్స్:
కొత్తవాళ్లకి పొరలంటే ఏం అర్థమవుతుంది? ఒక అచ్చులోంచి ఎన్ని కంటైనర్లయినా తీయొచ్చని తెలిస్తే చాలు.

తుఫాన్_థీసిస్:
కోడ్ 137. విండోస్ 11, 16 జీబీ. డొమైన్లు (మోడల్ లెక్కవేసే ప్రాంతాలు) మూడు, గ్రిడ్ దూరం 27, 9, 3 కిలోమీటర్లు. మూడోది ఆరు గంటల తర్వాత మొదలవుతుంది, అది మామూలే కదా అని రాయలేదు.

కరకట్ట:
అదే అసలు సంగతి. 137 అంటే 128కి 9 కలిపింది, ప్రాసెస్‌ని బలవంతంగా చంపేశారని. అందుకే ఆర్ఎస్ఎల్‌లో ఏమీ ఉండదు. మూడో డొమైన్ సైజెంత?

తుఫాన్_థీసిస్:
421 × 421 గ్రిడ్ పాయింట్లు.

కరకట్ట:
నెస్ట్ (లోపలి డొమైన్) తెరుచుకున్నప్పుడే దానికి మెమరీ పడుతుంది. విండోస్‌లో డాకర్ డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది, దానికి మామూలుగా ర్యామ్‌లో సగమే దక్కుతుంది. మీకు 8, అది చాలక చంపేసి ఉంటుంది. ముందు నేమ్‌లిస్టులో (మోడల్ సెట్టింగుల ఫైలు) మ్యాక్స్ డొమ్ (డొమైన్ల సంఖ్య) 2 చేసి చూడండి. అది దాటితే యూజర్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైలు పెట్టి, డబ్ల్యూఎస్ఎల్2 హెడ్డింగ్ కింద మెమరీ 12జీబీ అని రాయండి. నోట్‌ప్యాడ్ పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, చూసుకోండి. తర్వాత డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ కొట్టాలి. డాకర్ విండో మూసి తెరిస్తే చాలదు.

వరి_మోడల్:
ఔట్‌పుట్ ఎక్కడికి రాస్తున్నారు? డాకర్ రన్ కమాండులో ఆర్ఎం ఆప్షన్ ఉంటే కంటైనర్‌తో పాటే పోతుంది. వాల్యూమ్ (కంటైనర్ పోయినా ఉండే నిల్వ) తగిలించండి, నేమ్‌లిస్టులో రీస్టార్ట్ ఇంటర్వల్ (ఆగిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టడానికి ఎంతసేపటికోసారి సేవ్ చేయాలో) కూడా పెట్టండి. నేను రెండ్రోజుల రన్ అలాగే పోగొట్టుకున్నాను.

పాత_లైనక్స్:
సగం తలనొప్పి విండోస్‌దే. ఉబుంటు వేసుకోండి.

కరకట్ట:
సోమవారం లోపలా?

తుఫాన్_థీసిస్:
రెండు డొమైన్లతో పూర్తయింది. 12 జీబీ ఇచ్చి మూడూ పెట్టాను, ఇప్పుడు పదకొండో గంటలో ఉంది. వాల్యూమ్ కూడా పెట్టా. థాంక్సండీ, పడుకుంటా.

మెట్_ఎమ్మెస్సీ:
నాకు సీ డ్రైవ్ నిండిపోయింది. ప్రూన్ (డాకర్‌లో వాడనివి తీసేసే కమాండు) కొట్టినా ఖాళీ అవట్లేదు, ఎందుకు?

కరకట్ట:
ప్రూన్‌తో లోపల ఖాళీ అవుతుంది, వీహెచ్‌డీఎక్స్ ఫైలు (డాకర్ డేటా ఉండే వర్చువల్ డిస్క్) దానంతటది తగ్గదు. వేరే పోస్టు పెట్టండి.