చిన్న పేగులో పగిలిన జిస్ట్ కణితి: అత్యవసర ఆపరేషన్ తరువాత మళ్లీ ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న

నమస్కారం. మా అన్నయ్య వయసు 52. గత నెల ఒక రాత్రి ఉన్నట్టుండి కడుపునొప్పి మొదలై, గంట తిరగకుండానే చెమటలు పట్టి స్పృహ తప్పడంతో మా జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాం. బీపీ బాగా పడిపోయిందనీ, స్కానింగులో పొట్ట లోపల రక్తం చేరినట్టు కనిపిస్తోందనీ చెప్పి, రక్తం ఎక్కిస్తూనే ఆపరేషన్ చేశారు. చిన్న పేగు గోడ నుంచి బయటి వైపుకు పెరిగిన గడ్డ పగిలి రక్తం కారుతున్నందున, ఆ గడ్డతో పాటు కొంత పేగును కోసి తీసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టామని సర్జన్ గారు చెప్పారు. అన్నయ్య కోలుకుని ఇంటికి వచ్చారు.

ఇప్పుడు బయాప్సీ రిపోర్టు వచ్చింది. జిస్ట్ అనే అరుదైన కణితి, పరిమాణం 7.5 సెంటీమీటర్లు, విభజన చెందుతున్న కణాలు 5 చదరపు మిల్లీమీటర్లకు 4, సీడీ117 (జిస్ట్‌ను గుర్తుపట్టే ప్రోటీన్) పాజిటివ్, కోసిన అంచుల్లో కణితి లేదు, లింఫ్ గ్రంథులు పంపలేదు అని ఉంది. మూడేళ్లు మాత్రలు వాడాలంటున్నారు. అర్ధరాత్రి హడావుడిగా చేసిన ఆపరేషన్ కనుక మొత్తం తీసి ఉండరనీ, గ్రంథులు కూడా తీయించడానికి హైదరాబాదులో మళ్లీ ఆపరేషన్ చేయించమనీ బంధువులు పట్టుబడుతున్నారు. కడుపు తెరిచినప్పుడు గాలి తగిలి జబ్బు పాకి ఉంటుందని వదిన భయం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (జనరల్ సర్జన్)

రిపోర్టులు చూడకుండా వైద్యం చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి రెండో ఆపరేషన్‌కు కారణం కనిపించడం లేదు. చిన్న పేగులో జిస్ట్ ఉందని ముందే తెలిసి, తీరిగ్గా తేదీ పెట్టుకుని చేసినా, కణితి ఉన్న పేగు ముక్కను శుభ్రమైన అంచులతో కోసి తీయడమే ఆపరేషన్. ఆ రాత్రి జరిగింది కూడా అదే. పెద్దపేగు క్యాన్సర్‌లో లాగా గ్రంథులను వెదికి తీయవలసిన అవసరం ఇక్కడ సాధారణంగా ఉండదు, ఎందుకంటే జిస్ట్ గ్రంథులకు పాకడం అరుదు. అది పాకితే రక్తం ద్వారా కాలేయానికి, లేదా పొట్ట లోపలి పొర మీదికి పాకుతుంది. పిల్లల్లో, యువతలో జీర్ణాశయంలో వచ్చే ఒక రకం మాత్రం దీనికి మినహాయింపు. అది మీ అన్నయ్య గారి కథ కాదు.

గాలి తగిలి పాకుతుందన్న మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. గాలితో ఏమీ కాదు. అసలు చిక్కు కణితి పగలడంలో ఉంది. జిస్ట్ మెత్తగా, సులువుగా చిట్లిపోయేలా ఉంటుంది. పేగు బయటి వైపుకు పెరుగుతుంది గనుక దారి మూసుకుపోక చాలాకాలం ఏ లక్షణమూ కనిపించదు, చివరికి ఇలా రక్తస్రావంతోనే బయటపడవచ్చు. పగిలినప్పుడు కంటికి కనిపించని కణాలు పొట్టలో చెదిరిపోయి ఉండవచ్చు. వాటిని సెలైన్‌తో ఎంత కడిగినా పూర్తిగా పోవు, మళ్లీ కడుపు తెరిచి ఏరి తీయడం అంతకన్నా సాధ్యం కాదు. ఆ పని మాత్ర చేయాలి.

ఒక పని వెంటనే చేయండి. డిశ్చార్జి కాగితంలో చాలాసార్లు “పేగు తొలగింపు చేయబడింది” అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆపరేషన్ నోట్ ప్రతిని విడిగా అడిగి తీసుకోండి. కణితి పైపొర చిట్లి రక్తం పొట్టలోకి కారిందా, లేక కణితి లోపల, పేగు లోపల మాత్రమే కారిందా అన్నది అందులో తెలుస్తుంది. మొదటిది పగలడం కిందికి వస్తుంది, రెండవది రాదు. మూడేళ్ల మందు నిర్ణయానికి ఆ వాక్యం ముఖ్యం.

జవాబు 2 (క్యాన్సర్ వైద్య విభాగం)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. 4 అన్న సంఖ్య తక్కువే; కణితి పగలకుండా ఉంటే కొన్ని వర్గీకరణలు దీన్ని మధ్యస్థ ప్రమాదంగా లెక్కిస్తాయి. కానీ 2008 నుంచి వాడుకలో ఉన్న సవరించిన వర్గీకరణ ప్రకారం, పొట్టలోకి పగిలిన జిస్ట్ పరిమాణంతోనూ కణాల లెక్కతోనూ సంబంధం లేకుండా అధిక ప్రమాదమే; చిన్న పేగులో 5 సెంటీమీటర్లు దాటినది పగలకపోయినా అధిక ప్రమాదమే.

మామూలు కీమోథెరపీకి ఈ కణితి పెద్దగా లొంగదు. జిస్ట్‌లలో చాలావాటికి మూలం కిట్ అనే జన్యువులోని మార్పు అని 1998లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఆ మార్పు వల్ల కణాలకు విభజన చెందమనే సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుంది, మీకు చెప్పిన మాత్ర ఇమాటినిబ్ ఆ సంకేతాన్ని ఆపుతుంది. ఆపరేషన్ అయిన అధిక ప్రమాద రోగుల్లో ఏడాది మందును, మూడేళ్ల మందును పోల్చిన ఉత్తర ఐరోపా పరీక్ష 2012లో వెలువడింది: అయిదేళ్లకు జీవించి ఉన్నవారు ఏడాది వాడినవారిలో సుమారు 82 శాతం, మూడేళ్లు వాడినవారిలో 92 శాతం. మీకు మూడేళ్లని చెప్పడానికి కారణం ఇదే.

మందు మొదలుపెట్టే ముందే జన్యు పరీక్షకు పంపించమని నా సలహా. కొందరు సర్జన్లు జబ్బు తిరగబెడితే చూద్దామంటారు, నేను ఒప్పుకోను. కొన్ని మార్పులున్న కణితుల మీద ఇమాటినిబ్ పనిచేయదు. అలాంటప్పుడు మూడేళ్లు మింగడం డబ్బు దండగ, ఒంటికి శిక్ష. దీనికి కొత్తగా ముక్క తీయనక్కరలేదు. బయాప్సీ చేసిన ల్యాబులో మైనపు దిమ్మెల్లో కణితి భద్రంగా ఉంటుంది. గాజు స్లైడ్లు మాత్రమే కాక, ఆ దిమ్మెలను కూడా రసీదు రాసి అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆపరేషన్ నోట్ తెచ్చాను. కణితి పైపొర చిట్లి ఉన్నదనీ, పొట్టలో సుమారు లీటరున్నర రక్తం ఉన్నదనీ, కాలేయం మీద గానీ పొర మీద గానీ ముద్దలు లేవనీ రాశారు. మరి మాత్రల ఖర్చు భరించగలమా? ఎలా వాడాలి?

జవాబు 3 (ఇదే మందు వాడుతున్న వ్యక్తి)

భయపడకండి. ఇమాటినిబ్‌కు నోవార్టిస్ కంపెనీ బ్రాండు గ్లివెక్ ఒకప్పుడు మధ్యతరగతికి అందనిది. హైదరాబాదుకు చెందిన నాట్కో 2003 ప్రాంతంలోనే వీనాట్ పేరుతో ఇదే మందును తెచ్చింది. పేటెంటు కోసం నోవార్టిస్ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఇప్పుడు పలు కంపెనీల మాత్రలు దొరుకుతాయి, ధరల్లో తేడా ఎక్కువ, విచారించి కొనండి. ప్రభుత్వ పథకంలో వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

నేను రోజుకు 400 మిల్లీగ్రాముల మాత్ర అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటాను. పరగడుపున వేసుకుంటే వికారం తప్పదు. పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు, రాత్రిపూట పిక్కలు పట్టేయడం నాకు ఉన్నాయి, భరించగలిగినవే. పసరు మందులు, పంపరపనస జాతి పండ్ల రసాలు డాక్టరుకు చెప్పకుండా కలపకండి. బాగున్నాను కదా అని మధ్యలో మానేయడం మాత్రం వద్దు.

జవాబు 1 (జనరల్ సర్జన్)

నోట్ స్పష్టంగా ఉంది, అది పగలడమే. ఆ కాగితమూ, దిమ్మెలూ తీసుకుని క్యాన్సర్ వైద్యుణ్ణి కలవండి. మందు మొదలుపెట్టే ముందు పొట్టకు ఒక సీటీ స్కాన్ తీయించండి. ఇక మీదట కొన్ని నెలలకోసారి తీసే స్కాన్‌లన్నింటినీ దానితోనే పోల్చి చూస్తారు.