శాన్ హువాన్ దీవుల్లో తెరచాప పడవ, వెంట కుక్క: మొదటి రాత్రి ఎక్కడ ఆగాలి?

ప్రశ్న
నమస్కారం. జులై చివర్లో మేము నలుగురు స్నేహితులం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరపట్టణం అనకోర్టెస్‌లో తెరచాప పడవ అద్దెకు తీసుకుని, వారం పాటు దగ్గర్లోని శాన్ హువాన్ దీవుల్లో తీరిగ్గా తిరగాలనుకుంటున్నాము. మాలో ఇద్దరికి పడవ నడపడం వచ్చు. మా లాబ్రడార్‌నూ తీసుకెళ్లాలని ఉంది గానీ, అది గడ్డి కనిపిస్తే తప్ప ఒంటికి వెళ్లదు. మొదటి మజిలీ ఎక్కడైతే బాగుంటుంది?

జవాబు 1 (సియాటిల్ నుంచి)
గాలిని బట్టి కాక, కుక్కను ఒడ్డుకు దించగల చోట్లను బట్టి దారి నిర్ణయించుకోండి. వేసవిలో అక్కడ గాలి తరచూ మందగిస్తుంది కాబట్టి ఎలాగూ చాలా దూరం ఇంజనుతోనే పోవాలి. రొసారియో జలసంధి దాటి థాచర్ పాస్ అనే ఇరుకు జలమార్గం గుండా వెళ్తే, లోపెజ్ దీవి మీద స్పెన్సర్ స్పిట్ స్టేట్ పార్కు వస్తుంది. పడవను బోయాకు (నీటిపై తేలే కట్టు బుడ్డకు) కట్టేసి, డింగీ అనే చిన్న పడవలో తిన్నగా ఒడ్డుకు చేరవచ్చు. తర్వాత ఉత్తరాన సూషా దీవికి వెళ్లండి. అక్కడి ఫాసిల్ బేలో పడవ కట్టుకునే డాక్ ఉంది. రాళ్లకు అంటుకున్న బార్నకిల్స్ అనే పదునైన గుల్లలు కుక్క పాదాలను కోసేస్తాయి, జాగ్రత్త. వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ కొనండి. తడిసిన లాబ్రడార్‌ను డింగీలోంచి పైకి లాగడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

జవాబు 2
పై దారి మంచిదే గానీ, పోటుపాట్ల పట్టిక చూడకుండా రొసారియో దాటవద్దు. పాటు నీరు దక్షిణానికి పారుతుండగా దక్షిణపు గాలి ఎదురైతే అలలు నిటారుగా లేస్తాయి, కుక్కకు ముందుగా కడుపులో తిప్పుతుంది. డిసెప్షన్ పాస్ అనే మరో ఇరుకు జలమార్గంలో ప్రవాహం 8 నాట్ల (గంటకు సుమారు 15 కి.మీ.) దాకా పోతుంది. తీరిగ్గా తిరిగేవారికి ఆ దారితో పనే లేదు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. ఒడ్డున కుక్కను స్వేచ్ఛగా వదలవచ్చా?

జవాబు 3 (బెల్వ్యూ నుంచి)
వదలకూడదు. స్టేట్ పార్కుల్లో 8 అడుగులకు మించని పట్టీతోనే నడిపించాలి. పైగా అది సీల్ పిల్లలు ఒడ్డున పడుకునే కాలం. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, పిల్ల అనాథ అనుకుని మనుషులు కూడా దగ్గరికి పోకూడదు. వన్యప్రాణి రక్షిత ప్రాంతంలోని చిన్న దీవులకు 200 గజాల దూరం పాటించండి. అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలు (అంతరించే ప్రమాదంలో ఉన్న తిమింగలాల గుంపు) కనిపిస్తే 2025 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం 1000 గజాల దూరంలో ఉండాలి. ఇక గడ్డి సంగతి: కృత్రిమ గడ్డి ముక్కను ఇప్పటి నుంచే పెరట్లో అలవాటు చేసి, అదే ముక్కను పడవ ముందు భాగంలో పరచండి. కొత్తది కొంటే వాసన చూసి వదిలేస్తుంది.