ఆలుగడ్డ ఇప్పుడే నాటాలా, చలి వచ్చేదాకా ఆగాలా?

ఘట్‌కేసర్_పెరడు:
అందరికీ నమస్తే. ఇంటి వెనక ఖాళీ జాగాలో రెండు మడులు చేశాం. రేగడి కలిసిన మట్టి, మాగిన పేడ ఎరువు బాగానే పడింది. ఇవి కాక అరడజను గ్రో బ్యాగులున్నాయి. మొన్న వంటింటి బుట్టలో చూస్తే ఆలుగడ్డలకు తెల్లగా పొడుగాటి మొలకలు వచ్చేశాయి, పారేయబుద్ధి కాలేదు. నాటేద్దామంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మా మామగారు దసరా వెళ్లాక అంటారు, పక్కింటి అక్క దీపావళి దాకా ముట్టుకోవద్దంటుంది, యూట్యూబ్‌లో ఒకాయన పన్నెండు నెలలూ పెట్టుకోవచ్చంటాడు, ఇంకో హిందీ వీడియోలో సెప్టెంబర్ దాటితే లేటే అన్నాడు. ఇక్కడేమో ఈ సెప్టెంబర్ నెలంతా సాయంత్రమైతే వాన. సంక్రాంతికి మన పెరటి ఆలుగడ్డతోనే కుర్మా అని మా ఆవిడ చుట్టాలకు కూడా చెప్పేసింది, అదో టెన్షన్. ఇప్పుడే పెట్టాలా, ఆగాలా? ఆగితే ఎప్పటిదాకా?

బాల్కనీ_తోట:
ఎక్కువ ఆలోచించకండి బ్రో, మొలకలు వచ్చాయంటే అది రెడీ అన్నట్టే. పెట్టేయండి. నేను మే నెల తప్ప ఎప్పుడైనా పెడతాను, నాలుగు రోజులు అటూ ఇటూగా మొలుస్తుంది.

జహీరాబాద్_రైతుబిడ్డ:
అన్నా, మొలవడం వేరు, గడ్డ ఊరడం వేరు. ఇప్పుడు పెట్టినా మొలుస్తుంది, మోకాలెత్తు ఆకు వస్తుంది, చూడ్డానికి కళకళలాడుతుంది, తీరా తవ్వితే గోలీలంత గడ్డలు.

ఆలుగడ్డకు నాటే రోజు ఎలా ఉందన్న దానికంటే, నాటిన నెలకు రాత్రులు ఎలా ఉంటాయన్నదే అసలు సంగతి. నాటాక 30-35 రోజులకు మట్టిలో తెల్లటి తీగలు పాకి, వాటి కొసలు ఉబ్బి గడ్డలవుతాయి. ఆ టైముకు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉండాలి, 15-18 అయితే ఇంకా మంచిది. రాత్రులు ఉక్కగా ఉంటే కొసలు ఉబ్బవు, పగలంతా ఆకు తయారుచేసినది మళ్లీ ఆకుకీ కాండానికే పోతుంది. హైదరాబాద్‌లో అక్టోబర్ రాత్రులు సగటున 20 దగ్గర ఉంటాయి, నవంబర్ సగానికి 17 దగ్గరికి దిగుతాయి, డిసెంబర్‌లో ఇంకా తక్కువ. నవంబర్ మూడో వారం నుంచి నెల వెనక్కి లెక్కేసుకోండి, అక్టోబర్ మూడో వారం వస్తుంది. మీకు అదే సరైన టైము. నవంబర్ సగం దాకా పెట్టొచ్చు గానీ అది దాటితే వద్దు, గడ్డ ఊరే చివరి రోజుల్లో ఫిబ్రవరి ఎండ తగులుతుంది.

మా జహీరాబాద్ వైపు అక్టోబర్ మొదట్లోనే వేసేవాళ్లూ ఉంటారు, అది మార్కెట్‌లో ముందు దిగితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్న ఆశతో. మీ కుర్మాకు ఆ తొందర అక్కర్లేదు. ఆ హిందీ వీడియో పంజాబ్ వాళ్లదో యూపీ వాళ్లదో అయ్యుంటుంది. వాళ్లకు డిసెంబర్, జనవరిలో మంచు పడి ఆకు మాడిపోతుందని భయం, అందుకే ముందే మొదలుపెడతారు. మన దగ్గర ఆ భయం లేదు, మనకున్నదల్లా ఇటు చివర వాన, అటు చివర ఎండ.

వి.కోట_తోట:
మీ మామగారి మాటలో తప్పు లేదు గానీ దసరాను పట్టుకుంటే ఒక్కో ఏడు దెబ్బ కొడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి దసరా అక్టోబర్ 23న పడింది, 2025లో అక్టోబర్ 2కే వచ్చేసింది. మూడు వారాల తేడా! పక్కింటి అక్క చెప్పిన దీపావళీ అంతే. కార్తెలైతే సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి, ఏటా ఒక రోజు అటూ ఇటూ అంతే. చిత్త అక్టోబర్ 10-11కి వస్తుంది, 24 నుంచి స్వాతి. మీ ఊరికి చిత్త చివర, స్వాతి మొదట్లో అని పెట్టుకోండి, పండగతో పని లేదు.

కానీ తేదీ వచ్చింది కదా అని తడి మట్టిలో మాత్రం పెట్టొద్దు. 2020లో అక్టోబర్ 13న హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుందా, మీ ఘట్‌కేసర్ వైపే 30 సెంటీమీటర్ల పైన పడింది. ఏటా అంత ఉండదు, కానీ రేగడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే చాలు ఉర్లగడ్డ లోపలే కుళ్లి కంపు కొడుతుంది. పిడికెడు మట్టి తీసి పిసకండి, ముద్దయి వేళ్లకు అంటుకుంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి, పొడిపొడిగా విడిపోతే పెట్టండి. చదునుగా కాకుండా అడుగు ఎత్తున బోదెలు చేసి బోదె మీద నాటండి. మేమైతే ఇక్కడ వానాకాలంలోనూ వేస్తాం, కానీ మాది దాదాపు 700 మీటర్ల ఎత్తు, పక్కనే కోలారు, రాత్రులు చల్లగా ఉంటాయి. మమ్మల్ని చూసి జూలైలో వేయకండి.

ఇక ఆ మొలకలు. చీకట్లో పెరిగిన పొడుగు తెల్ల మొలకలు నాటేటప్పుడే పుటుక్కున విరిగిపోతాయి. ఇప్పుడే తుంచేసి, గడ్డల్ని ట్రేలో ఒకే వరసగా, ఎండ తగలకుండా వెలుతురు ఉన్న చోట పరచండి. రెండు మూడు వారాల్లో పొట్టిగా, లావుగా, ఆకుపచ్చగానో ఊదాగానో కొత్త మొలకలు వస్తాయి. సరిగ్గా చిత్తకు సిద్ధమవుతాయి. గడ్డ కూడా పచ్చబడుతుంది, విత్తనానికి ఏం కాదు, కూరలో మాత్రం వేయొద్దు, ఆ పచ్చదనం వచ్చిందంటే లోపల విషం పెరుగుతుంది. కోడిగుడ్డంత గడ్డల్ని కోయకుండా అలాగే నాటండి. పెద్దవాటిని కోస్తే ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్లు (మొలక వచ్చే గుంటలు) ఉండాలి, నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, కోసిన వైపు పొర కట్టాకే మట్టిలోకి. మట్టి ఇంకా వెచ్చగా ఉంటే కోసిన ముక్క నిలవదు.

జహీరాబాద్_రైతుబిడ్డ:
వి.కోట అక్క చెప్పింది కరెక్ట్. ఇంకోటి, వంటింటి గడ్డల్ని గ్రో బ్యాగుల్లోనే పెట్టండి, మడుల్లో వద్దు. వాటితో వడలు తెగులు వచ్చిందంటే మట్టిలో పాతుకుపోతుంది, తర్వాత టమాటా, వంకాయ, మిరప ఏది వేసినా నిలువునా వాడిపోతుంది. మడులకు విత్తనం గడ్డలే తెచ్చుకోండి, మా వైపు ఎక్కువగా ఆగ్రా నుంచి దిగుతాయి. కుఫ్రీ పుఖ్‌రాజ్ రకం అయితే త్వరగా వస్తుంది.

బెజవాడ_మేడతోట:
మా బంగాళాదుంపల సంగతి కూడా చెప్తాను, కోస్తా వాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ డిసెంబర్‌లో కూడా రాత్రులు 19-20 దగ్గరే ఉంటాయి కాబట్టి మాకు ఉన్నది చిన్న కిటికీ, విశాఖ కార్తెలో అంటే నవంబర్ 6 తర్వాత నాటి, డిసెంబర్, జనవరి చలినే వాడుకోవాలి. నాటిన వెంటనే వరిగడ్డి మందంగా పరుస్తాం, మట్టి చల్లగా ఉంటుంది. కుఫ్రీ సూర్య వేడిని కొంచెం తట్టుకుంటుంది, దొరికితే అది. దిగుబడి మీ అంత రాదు, అయినా అప్పుడే తవ్విన దుంప వేపుడు ఉంటుందే, దాని కోసం వేస్తాం.

డల్లాస్_తెలుగోడు:
ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మార్చి మధ్యలో ఆఖరి మంచు, దానికి మూడు నాలుగు వారాల ముందు, ఫిబ్రవరి మధ్యలో నాటేస్తాం, ప్రేమికుల రోజు అని గుర్తు. మంచు పోనిచ్చి నాటితే మే చివరి వేడికి దొరికిపోతుంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ అక్టోబర్‌లో పెడుతుంటారు, నవంబర్ మంచుకు ఒక్క రాత్రిలో నల్లగా మాడిపోతుంది.

బాల్కనీ_తోట:
ఓహో, నావి ఎందుకు చిన్నగా వస్తాయో ఇప్పుడర్థమైంది. నేను బ్యాగు సైజు అనుకున్నా 😅

ఘట్‌కేసర్_పెరడు:
అందరికీ థాంక్స్. మొలకలు తుంచి ట్రేలో పరిచాను. వాన తెరిపిస్తే అక్టోబర్ 18-20కి నాటుతా. మరి సంక్రాంతికి అందుతాయా? గ్రో బ్యాగుల్ని పడమటి గోడ పక్కన పెడదామనుకుంటున్నా, అక్కడ ఎండ బాగుంటుంది.

వి.కోట_తోట:
అక్టోబర్ 20 నుంచి సంక్రాంతికి 86-87 రోజులు. పుఖ్‌రాజ్ అయితే అందుతుంది, తోలు పల్చగా ఉంటుంది కానీ కుర్మాకు అదే రుచి. పండగకు పది రోజుల ముందు నీళ్లు ఆపేయండి. అన్నీ ఒకేసారి పీకకండి, రెండు మొక్కలు తవ్వి చూసి, మిగతావి ఆకు పసుపు రంగుకు మారి వాలాక తీసుకోండి, అవే నిలవ ఉంటాయి. నాటిన నెలకు మట్టి ఎగదోయడం మర్చిపోవద్దు, పైకి తేలిన గడ్డ పచ్చబడుతుంది.

పడమటి గోడ మాత్రం వద్దు. మధ్యాహ్నం కాగిన గోడ రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, మనం చలి కోసం ఇన్నాళ్లు ఆగి గోడ పక్కన పెట్టడమేంటి. తూర్పు వైపు, పొద్దున ఎండ ఆరు గంటలు తగిలే చోట పెట్టండి. బ్యాగులు నల్లవైతే చుట్టూ పాత గోనెసంచి కట్టండి.