నర్సుల డ్యూటీ చార్టు, ఇన్ఫెక్షన్ల వ్యాప్తి: ఏ నమూనా తగినది?

నమస్కారం. నర్సుల షిఫ్టుల అమరికకూ వార్డుల్లో ఇన్ఫెక్షన్ల వ్యాప్తికీ ఉన్న సంబంధంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కించడానికి 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ ప్రతిపాదించిన గణిత నమూనా జనమంతా ఒకరితో ఒకరు సమానంగా కలుస్తారని భావిస్తుంది. వార్డులో అలా ఉండదు. రాత్రి డ్యూటీలో ఒకే నర్సు సెలైన్ మారుస్తూ, ఇంజెక్షన్లు ఇస్తూ పడక నుంచి పడకకు తిరుగుతుంది, మధ్యలో చేతులు శుభ్రం చేసుకునే తీరిక కూడా ఒక్కోసారి దొరకదు.

2001లో భౌతిక శాస్త్రవేత్తలు పాస్టర్ సటోరాస్, వెస్పిన్యానీ కంప్యూటర్ వైరస్‌ల వ్యాప్తిని పరిశీలించి, కొన్ని కేంద్రాలకే అత్యధిక సంబంధాలుండే అతి పెద్ద నెట్‌వర్కుల్లో వ్యాప్తికి కనీస పరిమితి (సోకే వేగం ఏ స్థాయి దాటితే వ్యాధి నిలదొక్కుకుంటుందో ఆ స్థాయి) దాదాపు మాయమవుతుందని చూపారు. నాది 30 పడకల వార్డు. షిఫ్టు మారినప్పుడల్లా ఎవరు ఎవరిని కలుస్తారనే నెట్‌వర్కు రూపమే మారిపోతుంది కనుక ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించడం సబబుగా తోచడం లేదు. ఇంత చిన్న సమూహానికి ప్రతి వ్యక్తినీ విడిగా లెక్కించే సిమ్యులేషన్ మేలా, లేక కాలంతో మారే నెట్‌వర్కు విశ్లేషణ మేలా?

మరొక సందేహం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఎవరు ఎవరికి దగ్గరగా ఎంతసేపు ఉన్నారో ఆర్‌ఎఫ్‌ఐడీ బ్యాడ్జీలతో (రేడియో తరంగాలతో గుర్తించే బ్యాడ్జీలు) నమోదు చేయాలనుకుంటున్నాను. ఆ వివరాలు పనితీరు మదింపుకు వాడబోమని నర్సులకు నమ్మకం కలిగేలా అంగీకార పత్రాన్ని ఎలా రాయాలో, ఎథిక్స్ కమిటీ ఏయే హామీలు అడుగుతుందో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.