జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్)లో అమ్మ వేలిముద్ర పడ్తలేదు, ఏం చేయాలె?

మా అమ్మకు 76 ఏళ్లు, నిజామాబాద్ దగ్గర పల్లె, 35 ఏళ్లు బీడీలు చేసింది. ఈపీఎస్-95 (పీఎఫ్ ఉన్న కార్మికుల పింఛన్ పథకం) కింద నెలకు 1000 రూపాయల పింఛన్, మందులకు అదే ఆధారం. బతికున్నట్టు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గడువు డిసెంబర్‌లో అయిపోయింది, జనవరి నుంచి పైసలు వస్తలేవు. ఆకు చుట్టీ చుట్టీ బొటనవేలు అద్దంలెక్క నున్నగైంది, గీతలే లేవు. మీసేవలో పది వేళ్లూ పెట్టి చూసినం, ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించి నెల ఆగి మళ్లీ పోయినం, ఫోన్‌లో ముఖం చూసి గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌తో పొద్దటి వెలుతురులో ఆరుసార్లు ట్రై చేసిన, కళ్లు ఆర్పమంటది, అమ్మకు రెండు కళ్లకూ శుక్లాలు, అక్కడే ఫెయిల్ అయితుంది. మంచం దిగలేని మనిషిని ఇంకెన్నిసార్లు తిప్పాలె, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. బయోమెట్రిక్ లేకుండా, కాగితం మీద బ్యాంక్ మేనేజర్ సంతకంతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి పింఛన్ మళ్లీ మొదలుపెట్టించుకున్నోళ్లు ఎవరన్నా ఉన్నరా, ఎట్ల చేయించిన్రు?